ఆ ఎర్ర దీపం ఆకుపచ్చగా ఎప్పుడు మారుతుంది?

గత నెలలో ఒక సాయంత్రం విశాఖపట్నంలో కోస్టల్ బ్యాటరీ దగ్గర గట్టు మీద కూర్చుని ఉండగా, ఎనిమిదేళ్ళ వాడైన నా మేనకోడలి కొడుకు రేవు ముఖద్వారం వైపు నీటి మీద మినుకుమంటున్న ఒక ఎర్ర దీపాన్ని చాలాసేపు చూసి, "తాతయ్యా, అది ఆకుపచ్చగా ఎప్పుడు మారుతుంది? అంతవరకూ ఆ ఓడ ఆగాలా?" అని అడిగాడు. జగదాంబ కూడలిలో సిగ్నల్ దగ్గర రోజూ ఆగే పిల్లవాడికి ఆ ప్రశ్న రావడంలో ఆశ్చర్యం లేదు. ఓడల్లో నా ఉద్యోగ జీవితమంతా గడిపిన తరువాత, సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగిన పెద్దవాళ్ళలో కూడా చాలామంది ఈ దీపాలను రోడ్డు సిగ్నళ్ళ లాగానే అర్థం చేసుకుంటున్నారని నాకు తెలుసు. అందుకే వాడికి ఆ సాయంత్రం చెప్పినదాన్ని, చీకటి పడి ఇంటికి వెళ్ళవలసి రావడం వల్ల చెప్పలేకపోయినదాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఎర్ర దీపం ఎన్నటికీ ఆకుపచ్చగా మారదు. అది ఓడను ఆగమనీ చెప్పదు, వెళ్ళమనీ చెప్పదు. సముద్రపు అడుగున బరువైన కాంక్రీటు దిమ్మకు గొలుసుతో కట్టి, నీటి మీద తేలేలా ఉంచిన బోయా మీద ఉండే ఆ దీపం "లోతు తవ్విన దారికి ఈ పక్క అంచు నేను" అని మాత్రమే చెబుతుంది. పెద్ద ఓడ రేవులోకి రావాలంటే దాని అడుగుకు సరిపడా నీరు ఉండాలి. ఆ నీరు రేవు అంతటా ఉండదు. పూడిక తీసి లోతు నిలబెట్టిన ఛానెల్‌లో మాత్రమే ఉంటుంది. పైనుంచి చూస్తే నీరంతా ఒక్కలాగే కనిపిస్తుంది కాబట్టి, కనిపించని ఆ దారి అంచులను కనిపించేలా చేయడానికి రెండు పక్కలా బోయాలను నిలబెడతారు. మన దేశం అనుసరించే పద్ధతిలో, సముద్రం నుంచి రేవులోకి వస్తున్న ఓడకు ఎడమ చేతి వైపు ఎర్ర బోయాలు, కుడి చేతి వైపు ఆకుపచ్చ బోయాలు ఉంటాయి. రాత్రి వాటి దీపాలు కూడా ఆ రంగులలోనే వెలుగుతాయి. పగటి పూట ఎండ కళ్ళలో పడి రంగు తెలియకపోయినా ఆకారం తెలిసేలా, ఎర్రదాన్ని డబ్బా ఆకారంలోనూ ఆకుపచ్చదాన్ని శంఖువు ఆకారంలోనూ చేస్తారు; పొడవాటి స్తంభం లాంటి బోయా అయితే ఆ ఆకారాన్ని తలమీద గుర్తుగా పెడతారు. ప్రతి ఓడకూ తన ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన ఆకుపచ్చ దీపం ఉండాలన్నది వేరే నియమం. ఈ రెండూ కలవడం వల్ల, రేవులోకి వస్తున్న ఓడ తన ఎర్ర పక్కను ఎర్ర బోయాల వైపు, ఆకుపచ్చ పక్కను ఆకుపచ్చ బోయాల వైపు ఉంచి లోపలికి నడుస్తుంది. అదే ఓడ బయటికి వెళ్ళేటప్పుడు అంతా తారుమారవుతుంది. ఎర్ర బోయాలు కుడి చేతికి వస్తాయి.

ఇక్కడ మన భాషతో వచ్చే చిక్కు ఒకటి చెప్పాలి. మనం "పచ్చ" అనే ఒక్క మాటతో ఆకు రంగునూ చెబుతాం, పసుపు రంగునూ చెబుతాం. మాటల సందర్భం తెలిసిన వాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు. సముద్రం మీద మాత్రం ఆ రెండు రంగులకూ అర్థాలు వేరు. ఆకుపచ్చ దీపం ఛానెల్ అంచును చూపిస్తుంది. పసుపు దీపం దారిని చూపించదు. అక్కడ సముద్ర గర్భంలో కేబుల్ ఉన్నదనో, వాతావరణ సమాచారం సేకరించే పరికరం తేలుతున్నదనో, పూడిక మట్టిని పారబోసే చోటు అనో, సైనిక అభ్యాసాలు జరిగే ప్రాంతం అనో తెలియజేసే ప్రత్యేక గుర్తు అది. ఒడ్డు మీద ఉన్నవాడు ఫోనులో "పచ్చ బోయా పక్కనుంచి రండి" అని చెబితే పడవలో ఉన్నవాడు ఏది అనుకుంటాడు? అందుకని ఈ వ్యాసంలో ఎక్కడా ఒంటి "పచ్చ" అనే మాట వాడడం లేదు.

ఎరుపు, ఆకుపచ్చ దీపాల సంగతి ఒకసారి చెబితే గుర్తుండిపోతుంది. నేర్చుకోవడానికి కష్టపడవలసినవి తెల్ల దీపాలు. సముద్రంలో ఒక రాతి గుట్టో, ఇసుక తిప్పో, మునిగిన ఓడో ఉన్నప్పుడు దానికి కుడి ఎడమలు చెప్పడం కుదరదు, ఎందుకంటే ఓడలు దాని పక్కనుంచి ఏ దిక్కుకైనా పోతూ ఉండవచ్చు. అలాంటి చోట దిక్కుల పేరుతో ఉండే బోయాలను వాడతారు. ప్రమాదానికి ఉత్తరాన నిలబెట్టినది ఉత్తర బోయా. దానికి ఉత్తరం వైపు నుంచి వెళితే క్షేమం అని దాని అర్థం. తూర్పు, దక్షిణ, పడమర బోయాలూ అంతే. ఈ నాలుగూ నలుపు, పసుపు రంగుల్లోనే ఉంటాయి, నాలుగింటి దీపాలూ తెల్లనివే. కాబట్టి రాత్రి పూట ఏది ఏ బోయా అన్నది రంగు వల్ల తెలియదు, దీపం ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టడం వల్ల తెలుస్తుంది. ఆ లెక్కను గడియారం ముఖం మీద ఉన్నట్టు అమర్చారు. తూర్పు బోయా మూడుసార్లు మెరిసి ఆగుతుంది, మూడు గంటల ముల్లు తూర్పుకే ఉంటుంది. దక్షిణ బోయా ఆరుసార్లు, పడమర బోయా తొమ్మిదిసార్లు మెరుస్తాయి. పన్నెండు గంటల చోట ఉన్న ఉత్తర బోయా లెక్కకు దొరకకుండా, ఆగకుండా మెరుస్తూనే ఉంటుంది. ఈ మెరుపులు సెకనుకు ఒకటి చొప్పున గానీ, రెండు చొప్పున గానీ వేగంగా పడతాయి. పగలు గుర్తుపట్టడానికి బోయా నెత్తిన రెండు నల్లని శంఖువులు ఉంటాయి: ఉత్తరానికి రెండు మొనలూ పైకి, దక్షిణానికి రెండూ కిందికి, తూర్పుకు ఒకదానికొకటి దూరంగా, పడమరకు ఒకదానికొకటి ఎదురుగా. ఆ మొనలు ఎటు చూస్తే బోయా ఒంటి మీద నల్ల రంగు అటు ఉంటుంది. చిన్నప్పటి నుంచి నేను చూసిన గుర్తుల పద్ధతులన్నింటిలో ఇంత పొందికగా ఉన్నది మరొకటి లేదని నా అభిప్రాయం.

దక్షిణ బోయాకు ఒక విశేషం ఉంది. అది ఆరుసార్లు మెరిసిన వెంటనే, రెండు సెకన్లకు తక్కువ కాకుండా ఒక నిడుపాటి వెలుగు ఇస్తుంది. అది ఎందుకు పెట్టారో పుస్తకంలో చదివినప్పుడు నాకు పట్టుబడలేదు. థర్డ్ ఆఫీసర్‌గా చేరిన కొత్తలో, ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న ఇంగ్లీషు ఛానెల్‌లో ఒక శీతకాలపు రాత్రి నేను ఓడను నడిపే చోటైన బ్రిడ్జి మీద వాచ్ డ్యూటీలో ఉన్నాను. గాలి బలంగా ఉంది, అలలు పెద్దవిగా లేస్తున్నాయి. ముందు ఒక తెల్ల దీపం కనిపించింది. లెక్కపెట్టాను, ఆరు వచ్చింది. దక్షిణ బోయా అని నిశ్చయించుకుని, అప్పుడే పైకి వచ్చిన కెప్టెన్ గారికి అదే చెప్పాను. ఆయన కాకినాడ మనిషి. ఎంత తొందర పనిలోనైనా గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. "చివర పొడుగాటి వెలుగు పడిందా, బాబూ?" అని అడిగారు. పడలేదు. అంటే, పడలేదన్న సంగతిని నేను గమనించనే లేదు. "మళ్ళీ చూడు. ఒకసారి చాలదు, మూడుసార్లు లెక్కపెట్టు" అన్నారు. రెండోసారి ఎనిమిది వచ్చింది. మూడోసారి తొమ్మిది, నాలుగోసారి కూడా తొమ్మిది. అది పడమర బోయా. అల లేచినప్పుడల్లా ఒకటి రెండు మెరుపులు దాని వెనక పడి కనిపించకుండా పోవడం వల్ల తొమ్మిది నాకు ఆరుగా కనిపించింది. దక్షిణ బోయా అనుకుంటే దానికి దక్షిణంగా వెళ్ళాలి, పడమర బోయా అయితే పడమరగా వెళ్ళాలి. ఆ రెండింటికీ మధ్య తేడా అంటే ఓడ అడుగున ఇసుక తగలడమే. మూడుకూ తొమ్మిదికీ ఆరుతో పొరపాటు పడకుండా ఆ నిడుపాటి వెలుగును పెట్టారన్న సంగతి ఆ రాత్రి తరువాత నేను మరచిపోలేదు. అప్పటి నుంచి ఉద్యోగం మానే దాకా స్టాప్‌వాచ్ లేకుండా ఏ దీపం పేరూ నోటితో చెప్పలేదు.

మిగిలిన తెల్ల దీపాలు రెండే. నల్లటి ఒంటి మీద ఎర్ర పట్టీ ఉండి, నెత్తిన రెండు నల్ల బంతులు ఉన్న బోయా, చుట్టూ మంచి నీటి లోతు ఉన్న ఒంటరి ప్రమాదం మీదనే నిలబడుతుంది. బంతులు రెండు కాబట్టి దాని దీపం రెండేసి మెరుపులు మెరుస్తుంది. ఎరుపు, తెలుపు నిలువు చారలతో, నెత్తిన ఒకే ఎర్ర బంతితో ఉండేది, చుట్టూ ఎటైనా క్షేమమేనని చెప్పే బోయా. దూరం నుంచి వస్తున్న ఓడకు రేవు దారి ఇక్కడ మొదలవుతుందని చూపడానికి దాన్ని వాడతారు. పది సెకన్లకు ఒక నిడుపాటి తెల్లని వెలుగు దాని గుర్తులలో ఒకటి. ఎన్నో రోజుల ప్రయాణం తరువాత రేవు ముందు ఆ దీపం కనిపించినప్పుడు కలిగే నెమ్మది సముద్రం మీద పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు.

ఇంత పొందికైన పద్ధతి ఎంతో కాలంగా ఉన్నదని అనుకునేవాళ్ళకు దాని వయసు ఆశ్చర్యం కలిగిస్తుంది. 1889లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో, లోపలికి వచ్చే ఓడకు ఎడమన నల్ల బోయాలు, కుడిన ఎర్ర బోయాలు ఉండాలని దేశాలు అనుకున్నాయి. అమెరికా 1850లో చేసిన చట్టంలో ఉన్నదీ అదే. తరువాత బోయాల మీద దీపాలు పెట్టడం మొదలైనప్పుడు చిక్కు వచ్చింది. రేవు ముఖద్వారాల ఎడమ పక్కన పెట్టే దీపాలు ఎర్రవి కాబట్టి ఎర్ర దీపం ఎడమ వైపే ఉండాలని కొన్ని దేశాలు, ఎర్ర బోయా కుడిన ఉన్నది కాబట్టి దాని మీద ఎర్ర దీపమే ఉండాలని కొన్ని దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. 1936లో జెనీవాలో ఒకే పద్ధతి కోసం ఒక ఒప్పందం తయారైంది గానీ, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అది అమలుకు రాలేదు. 1976 నాటికి ప్రపంచంలో ముప్పైకి పైగా బోయా పద్ధతులు వాడుకలో ఉన్నాయి. అంటే ఒక దేశపు సముద్రంలో క్షేమం చెప్పిన దీపమే పక్క దేశంలో ప్రమాదాన్ని చెప్పడానికి వీలుండేది.

ఈ గందరగోళాన్ని ఇక సాగనివ్వకూడదని అందరికీ అనిపించేలా చేసినవి 1971లో డోవర్ జలసంధిలో జరిగిన ప్రమాదాలు. జనవరి 11న టెక్సాకో కరీబియన్ అనే ట్యాంకరు మరొక ఓడతో ఢీకొని మునిగిపోయింది. మర్నాడే బ్రాండెన్‌బర్గ్ అనే జర్మన్ ఓడ ఆ శిథిలాలకు తగిలి మునిగింది. ఆ చోట గుర్తులు పెట్టి ఉన్నా, ఫిబ్రవరి 27న నికీ అనే గ్రీకు ఓడ మళ్ళీ అక్కడే తగిలి మునిగింది. మొత్తం 51 మంది చనిపోయారు. హెచ్చరిక కళ్ళ ఎదుట ఉన్నా దాని అర్థం తెలియకపోతే అది లేనట్టే. అప్పట్లో దీపస్తంభాల సంస్థల అంతర్జాతీయ సంఘంగా ఉన్న ఐయాలా ఆ తరువాత పట్టుదలగా పనిచేసి, 1976లో ఎరుపు ఎడమన ఉండే పద్ధతిని సిద్ధం చేసింది. 1977 నుంచి అది ఐరోపాలో అమలులోకి వచ్చింది. ఎరుపు కుడిన ఉండాలన్న దేశాలను మార్చడం సాధ్యం కాకపోయింది. 1980 నవంబరులో టోక్యోలో జరిగిన సమావేశంలో ప్రపంచాన్ని రెండు ప్రాంతాలుగా పంచుకుని, మిగిలిన నియమాలన్నీ ఒకటే చేసుకున్నారు. ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ "బి" ప్రాంతం. మనతో సహా తక్కినవి "ఎ" ప్రాంతం. రెండు ప్రాంతాలకూ మధ్య తేడా ఛానెల్ అంచుల ఎరుపు, ఆకుపచ్చలలో మాత్రమే ఉంది. దిక్కుల బోయాలు, ఒంటరి ప్రమాదపు బోయాలు, పసుపు బోయాలు ఎక్కడైనా ఒకటే.

ఈ విభజనను విశాఖ వాళ్ళకు చెప్పాలంటే నాకు ఇనుప ఖనిజం ఓడలు గుర్తుకు వస్తాయి. బైలదిల్లా గనుల ఖనిజాన్ని జపాన్‌కు తీసుకుపోయే పెద్ద ఓడల కోసమే మన ఔటర్ హార్బర్‌ను కట్టి 1976లో ప్రారంభించారు. ఖనిజం నింపుకున్న ఓడ విశాఖ నుంచి బయటికి వెళుతున్నది కాబట్టి ఎర్ర బోయాలు దానికి కుడి చేతికి ఉంటాయి. ఎన్నో రోజుల తరువాత జపాన్ రేవులోకి అది లోపలికి వెళుతుంది; అక్కడ "బి" పద్ధతి కాబట్టి ఎర్ర బోయాలు మళ్ళీ కుడి చేతికే వస్తాయి. బంగాళాఖాతం ఈ కొసన విడిచిన ఎరుపు పసిఫిక్ ఆ కొసన అదే చేతికి ఎదురు వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీ ఓడకు రెండు చోట్లా ఎరుపు ఎడమకే ఉంటుంది. అదే ఓడ విశాఖ నుంచి సింగపూర్‌కు పోతే ఇక్కడ కుడిన ఉన్న ఎరుపు అక్కడ ఎడమకు రావాలి, అదే న్యాయం. అందుకే, ఎంత అలవాటైన అధికారి అయినా రేవులోకి వెళ్ళే ముందు సముద్రపు పటమైన చార్టు చూసి, ఇక్కడ ఏ ప్రాంతం, లోపలికి వచ్చే దిశ ఏది అని ఒకసారి నిర్ధారించుకుంటాడు.

రంగుల జాబితాలో చివరగా చేరినది నీలం. 2002 డిసెంబరు 14న దాదాపు మూడు వేల కార్లతో పోతున్న ట్రైకలర్ అనే ఓడ ఇంగ్లీషు ఛానెల్‌లో మరొక ఓడ ఢీకొనడం వల్ల పక్కకు ఒరిగి మునిగింది. మనుషులందరూ బతికారు. కానీ రెండు రోజులకే ఒక ఓడ, 2003 జనవరి 1న మరొక ఓడ, కాపలాలూ బోయాలూ ఉండగానే ఆ శిథిలాల మీదికి వచ్చాయి. చార్టులో ఇంకా ఎక్కని కొత్త ప్రమాదానికి, మరే దీపంతోనూ పోల్చుకోలేని దీపం కావాలని అప్పుడు తేలింది. నీలం, పసుపు నిలువు చారల బోయా మీద ఒక సెకను నీలం, అర సెకను చీకటి, ఒక సెకను పసుపు, అర సెకను చీకటిగా వెలిగే దీపం అలా వచ్చింది. 2010 సవరణలో దానికి పద్ధతిలో శాశ్వతమైన చోటు దొరికింది. శిథిలాన్ని తొలగించేవరకో, మామూలు బోయాలతో గుర్తించేవరకో అది అక్కడ ఉంటుంది.

నియమాలు ఇవి. నీటి మీద చూసే కంటికి ఇవి ఇంత శుభ్రంగా అందవు. ఊరు పెరిగే కొద్దీ ఒడ్డు మీద వెలుగు పెరుగుతుంది; బీచ్ రోడ్డు దీపాలు, హోటళ్ళ పేర్లు, కార్ల వెనక ఎర్ర దీపాలు, వాటి నీటి నీడలు, వీటన్నిటి నడుమ నాలుగు సెకన్లకు ఒకసారి మెరిసే చిన్న ఎర్ర దీపాన్ని సముద్రం వైపు నుంచి వెతికి పట్టుకోవాలి. వల లాగుతున్న ట్రాలర్ కూడా ఆకుపచ్చ దీపాన్ని, దాని కింద తెల్ల దీపాన్ని పెట్టుకుంటుంది, కానీ అవి మెరవవు, నిలకడగా వెలుగుతాయి. ఈ మధ్య ఒక ఛానెల్‌లోని బోయాలన్నీ ఒకేసారి మెరిసేలా, లేదా ఒకదాని తరువాత ఒకటి వరసగా మెరిసేలా చేస్తున్నారు. అలాంటి చోట దారి మొత్తం ఒక్క చూపులో తెలుస్తుంది. నాకు ఇది ఎంతో మంచి మార్పు అనిపిస్తుంది. వెనుకటి రోజుల్లో తెల్ల దీపానికి రంగు అద్దం తొడిగేవారు, వెలుగులో పెద్ద భాగం ఆ అద్దమే తినేది. ఇప్పుడు ఎల్ఈడీ దీపం తానే ఆ రంగులో వెలుగుతుంది, పక్కనే సోలార్ పలకలు ఉంటాయి.

మరమ్మతు కోసం ఒడ్డుకు ఎక్కించిన బోయాను దగ్గరగా చూసినవాళ్ళకు, ఆ దీపం వెలగడం వెనక ఎంత పని ఉన్నదో తెలుస్తుంది. నీటి మీద బొమ్మలా కనిపించేది నేల మీద మనిషి ఎత్తును మించి ఉంటుంది. నీటి గీత కింద ఒళ్ళంతా నత్తగుల్లలు, నాచు పట్టి ఉంటాయి. గోకుడు పారతో గంటల తరబడి గీకితే తప్ప పాత రంగు బయటపడదు. గొలుసులో అడుగున నేలకు రాసుకునే లంకెలు అరిగి, పైవాటి కన్నా సన్నగా అయిపోయి ఉంటాయి. సోలార్ పలకల మీద పక్షుల రెట్ట గట్టిపడి ఉంటుంది, ఆ రెట్టే కొన్ని సార్లు దీపం ఆరిపోవడానికి కారణం. గొలుసు నీటి లోతు కన్నా పొడవుగా ఉంటుంది కాబట్టి బోయా గాలికీ ప్రవాహానికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. చార్టులో ఉన్న చుక్క మీద అది ఎప్పుడూ కచ్చితంగా నిలబడదు. తుఫానులో గొలుసు తెగితే తనకు తానే కొట్టుకుపోయి ఏదో ఒక ఊరి ఇసుకలో తేలుతుంది. అందువల్ల బోయాను చూసి ఓడ ఎక్కడ ఉన్నదో తేల్చడం మంచి అలవాటు కాదు; ఒడ్డు గుర్తులతోనూ, రాడార్‌తోనూ, జీపీఎస్‌తోనూ ఓడ స్థానం తేల్చుకుని, బోయా ఉండవలసిన చోట ఉన్నదా అని సరిచూడాలి.

పడవల వాళ్ళతో ఈ విషయం మాట్లాడినప్పుడల్లా నేను ఒక మాట అడుగుతాను: బోయాకు పడవను గానీ వలను గానీ కట్టవద్దని, సోలార్ పలక, బ్యాటరీ ఎవరైనా విప్పుతుంటే చూసి ఊరుకోవద్దని. 1927 నాటి దీపస్తంభాల చట్టం స్థానంలో వచ్చిన 2021 చట్టం ఇలాంటి పనులను నేరంగా చెబుతుంది, అయితే నేను చట్టం పేరు ఎత్తను. చీకట్లో తిరిగి వచ్చే మరబోటుకు కూడా ఆ దీపమే దారి కాబట్టి, అది ఆరిపోతే మొదట ఇబ్బంది పడేది ఎవరో వాళ్ళకే బాగా తెలుసు.

ఆ సాయంత్రం మా వాడి చేతికి నా స్టాప్‌వాచ్ ఇచ్చాను. ఎర్ర దీపం మెరిసినప్పుడు నొక్కి, మళ్ళీ మెరిసినప్పుడు నొక్కాడు. నేను అడగకుండానే మరో రెండుసార్లు చూసి, మూడింటికీ ఒకే లెక్క వచ్చిందని చెప్పాడు. ఇంతలో ఒక ఓడ రేవు దాటి బయటికి వస్తున్నది. దాన్ని చూస్తూ వాడు లేచి నిలబడి, మొహం సముద్రం వైపు తిప్పి, కుడి చెయ్యి చాపి, "ఇప్పుడు ఎరుపు ఇటు కదా, తాతయ్యా?" అన్నాడు.